మంచు పోస్టులో మండె కట్టాం

ఉదయం తొమ్మిదీ ఇరవైకి హెలికాప్టరు నన్ను పోస్టులో దింపింది. ఎత్తు పదిహేడు వేల అడుగులు. చలి మైనస్ ఇరవై రెండు. మాది నందివాడ దగ్గర పల్లె. అక్కడ అన్నిటికన్నా ఎత్తైనది కాలవ గట్టు. దాని మీద పరుగెత్తే సైన్యంలో చేరాను. కొండలు ఆ సంగతి పట్టించుకోలేదు.

బంకరులో ఆరుగురం. రేడియో ఆపరేటరు బందరువాడు. రెండు నెలలకు నా జోకులు అయిపోయాయి. ఎటు చూసినా తెలుపే.

"బావా, నువ్వు మాట్లాడి మూడు రోజులైంది. సెట్టు పాడైందా?" అన్నాడు ఆపరేటరు.

"పచ్చగా ఏదైనా చూడాలనుందిరా."

"మన యూనిఫాం చూసుకో."

"అదీ తెల్లదే ఇచ్చారు కదరా."

ఆ రోజే కిట్ బ్యాగు కుట్లలో వడ్లు దొరికాయి. అమ్మ దీవించి మూటగట్టిందని చెబితే బాగుంటుంది. నిజానికి సెలవుల్లో ఆ బ్యాగు విత్తనాల బస్తాల మధ్య పడుంది. పదిహేడు గింజలు. మొలిపిద్దామనుకున్నాను.

మావైపు నారు పోసే ముందు వడ్లు ఒక రోజు నానబెట్టి, మొలకెత్తడానికి గోనెపట్టాలో వెచ్చగా చుట్టి మండె కడతారు. మొదటి ఆరు గింజలు కిరోసిన్ పొయ్యి పక్కన పెడితే పేలాలయ్యాయి. తర్వాతి ఆరు పొయ్యి ఆరిపోతే గడ్డకట్టాయి. మిగిలినవి ఐదు. శాటిలైట్ ఫోను వారానికి రెండు నిమిషాలు. ఆ వారం ఇంట్లో వాళ్ల క్షేమం అడగలేదు.

"మండె ఎన్ని గంటలుంచాలి నాన్నా?"

"అక్కడ ఎన్నెకరాలు కౌలుకి తీసుకున్నావురా?" అన్నాడు. ఆ తర్వాత చెప్పాడు: "గంటలు కాదు. ముట్టుకుంటే జ్వరమొచ్చినోడి ఒళ్లులా ఉండాలి."

ఐదు గింజల్నీ తడి ఊలు సాక్సులో చుట్టి పొట్టకు కట్టుకున్నాను. నేను గస్తీకి వెళ్తే ఆపరేటరు కట్టుకునేవాడు.

"పెళ్లి కాకుండానే కడుపు మొయ్యాల్సొచ్చింది బావా."

మూడో రోజుకు మూడు మొలిచాయి. పాలపొడి డబ్బాలో ఆ సాక్సే పరిచి, ప్లాస్టిక్ క్యాను కోసి పైన మూతలా పెట్టి, పగలు బంకరు గుమ్మంలో ఎండ తగిలేలా ఉంచి, రాత్రిళ్లు లోపలికి తెచ్చుకునేవాళ్లం. తొమ్మిదో రోజుకు మూడంగుళాలు. ఆ రోజే సుబేదారు గారు తనిఖీకి వచ్చారు. పంజాబువారు.

"దీనికి ఆర్డరుందా?" అని హిందీలో అడిగారు.

"లేదు సార్."

"నీళ్లెవరు పోస్తున్నారు?"

మండె కట్టిన పద్నాలుగో రోజు, నా వంతు అయిపోయి, నన్ను కిందికి పంపారు. ఆపరేటరుకు ఇంకా రెండు వారాలుంది. డబ్బా అప్పగించాను. కింద బేసులో రోజూ ఆపరేటరు మాట కోసం సెట్టు దగ్గర నిలబడేవాణ్ణి. "అందరూ క్షేమం. నారు నాలుగంగుళాలు. ఓవర్." ఎనిమిదో రోజు "అందరూ క్షేమం. ఓవర్" అని ఆపేశాడు.

నాలుగేళ్ల సర్వీసు ముగిసి ఊరొచ్చాక, కలలు ఎలా నిజం చేసుకోవాలో పిల్లలకు చెప్పమన్నారు మా బడి హెడ్మాస్టరుగారు. నా దగ్గరున్నది ఇదే, చెప్పాను. "కల కన్నది ఒక్క పూట. మిగతాదంతా సాక్సు తడపడమే" అన్నాను.

ఒక పిల్ల లేచింది. "ఎన్ని బస్తాలయ్యాయండీ?"

రైతు బిడ్డ, ఇంకేం అడుగుతుంది. "మూడు పరకలమ్మా" అన్నాను. క్లాసంతా నవ్వింది.

కిటికీలోంచి గుడివాడ రోడ్డుదాకా వరి. పచ్చగా ఉంది. ఎవరూ చూడటం లేదు. నాకు మాత్రం ఆ గుమ్మమే కనిపిస్తోంది: మైనస్ ఇరవైలో సుబేదారు గారు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్న గ్లవ్సులు రెండూ తీసి, వట్టి వేలితో ఆ ఆకు కొస ముట్టుకోవడం.