ఇప్పపూలు రాలే రోజుల్లో

నడివేసవిలో మైదానం జనం నీడపట్టున పడి ఉంటారు. మన్యంలో మాత్రం పండుగ చేసుకుంటారు. మా ఆయన హుకుంపేట దగ్గరి గూడెంలో ఉప్పు, కిరసనాయిలు అమ్మేవాడు. పెళ్లయిన కొత్తలో ఆయన వెంట కొండెక్కిన నాకు అక్కడి ఎండాకాలం అస్సలు నచ్చలేదు. తెల్లవారేసరికి ఇప్పపూలు రాలి నేల కనపడేది కాదు. ఆ వాసనకు నాకు తలనొప్పి. పూలు తినడానికి ఎలుగుబంట్లు వస్తాయని, చీకటితో పెరడు దాటవద్దని అందరూ చెప్పేవారు.

ఇటుకల పండుగ అంటే గూడెం వాళ్ల వేట పండుగ, ఆ రోజు మగవాళ్లంతా అడవికి పోవాలి. జంతువును కొట్టి తెస్తే డప్పులు, ఆటలు. ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు ఊరి మొదట కాపు కాసి నెత్తిన పేడనీళ్లు కుమ్మరిస్తారు. అదంతా సరదాకే, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. మా పక్కింటతను మాత్రం నేను రాకముందటేడు తెచ్చుకున్నాడు. తల కూడా తుడుచుకోకుండా ఇంట్లోకి పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. అతని పెళ్లాం ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేది. ఆమె నా ఈడుదే. ఆ కొండమీద నాతో నవ్వే మనిషి ఆమె ఒక్కతే.

అప్పటికి తెల్లదొరల మీద లేచిన పితూరీ అణిగి ఎంతో కాలం కాలేదు. నాటు తుపాకీ దాచుకున్నవాళ్లు కూడా పోలీసుల భయంతో బయటికి తీసేవారు కాదు. ఆ ఏటి పండుగకు అందరూ విల్లులూ బల్లేలతోనే బయల్దేరారు.

"ఈ ఏడు ఒట్టి సేతుల్తో రాను. పేడ కలపకు" అన్నాడతను పెళ్లాంతో.

ఆమె ఊరుకుంటుందా? అతని కళ్లెదుటే కుండలో పేడ వేసింది. "నువ్వొచ్చేసరికి బాగా పులుత్తాది" అంది. అతను నవ్వలేదు. నాకెందుకో మనసు కీడు శంకించింది.

పొద్దు వాలాక అందరం ఊరి మొదట నిలబడ్డాం. నా చేతికీ ఒక ముంత ఇచ్చారు. కాసేపటికి కొండవాలులో మనుషులు కనపడ్డారు. నలుగురి భుజాల మీద వాసం, దానికి వేలాడుతూ ఏదో బరువు. వేటలో పడిన పెద్ద జంతువును అలాగే మోసుకొస్తారు.

"కణుజు పడిందే" అంది ఒకావిడ, పెద్ద దుప్పి అనుకుని. డప్పు మొదలైంది. పక్కింటామె కుండ కింద పెట్టేసింది.

"మా ఇంటోడే కొట్టుంటాడు, సూడండి" అంటూ ఆటలోకి దిగింది. ఆట రాని నేను చప్పట్లు కొట్టాను.

వాళ్లు దగ్గరికొచ్చారు. వాసానికి కట్టింది దుప్పటి. అందులోంచి ఒక చెయ్యి వేలాడుతోంది. కుందేలు పడింది, ఇక పోదాం రమ్మంటే పక్కింటతను వినలేదట. ఇంకొకడు కొట్టిన కుందేలు నాకెందుకన్నాడట. ఇప్పచెట్టు కింద పూలు తింటున్న ఎలుగుబంటి మీద ఒక్కడే బాణం వేశాడట. అది తిరగబడి అతని మీద పడిందట.

డప్పు ఆగింది. దుప్పటి తెచ్చి వాళ్ల వాకిట్లో దింపారు. ఆమె ఏడవలేదు. మొగుడి పక్కన చతికిలబడి, "లే, పొయ్యనులే. ఒట్టి సేతుల్తో వచ్చినా పొయ్యను" అంది. నేను వినలేక చెవులు మూసుకున్నాను. ఆ పండుగ మీద నాకు ఈనాటికీ కోపం పోలేదు.

శవాన్ని సాగనంపాక చావింటిని పేడతో అలకాలి. నేను కొత్తగా పేడ కలపబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఊరి మొదట వదిలేసిన కుండను తనే మోసుకొచ్చి, ఆ నీళ్లతోనే వాకిలంతా అలికింది.