దేవరకొండల ఆముదం మీటింగు

అరవైలల్ల వ్యవసాయ యూనివర్సిటీ వార్తలు పేపర్లకెక్కించే కొలువు నాది. ఒకపారి మా ప్రొఫెసర్ సాబు తక్కువ వానలకు గూడ పండే కొత్త ఆముదం ఇత్తనం తయారుచేసిండు. దాని గురించి రైతులకు చెప్పనీకి దేవరకొండల మీటింగు పెట్టినం. నేను వార్త మంచిగ రాసి అక్కడి విలేకరి చేతుల పెట్టిన, చాయ్ గూడ తాపిన. ఆ ఊరికి పేపర్ ఏజెంటు గూడ ఆయనే. ఆయన నా కాగితాన్ని మడిచి జేబుల వెట్టుకొని, మీటింగుకొచ్చినోళ్ల పేర్లు అడుగుడు షురూ చేసిండు. నాకు ఒళ్లు మండింది.

వార్తయితే పడ్డది. అధ్యక్షుడు, దండలేసినోళ్లు, కుర్చీలిచ్చిన సేటు, అందరి పేర్లున్నయి. ఇత్తనం ముచ్చటే లేదు. ప్రొఫెసర్ నా మీద గరమయిండు. నేను పోయి ఏజెంటు మీద గరమయిన.

"ఇత్తనం సంగతి ఏడవోయిందయ్యా?"

ఆయన తాపీగ నవ్విండు. "పేరు పడ్డోడు పేపర్ కొంటడు సారూ. మీ ఇత్తనం కొంటదా?"

మరుసటేడు కొత్త జొన్న ఇత్తనం వచ్చింది. ప్రొఫెసర్‌ను బతిమాలి దానికి ఆ కుర్చీల సేటు పేరే పెట్టించిన. ఈసారి ఇత్తనం వార్త ఫోటోతోని పడ్డది.

సేటు ఫోటో.