బురద అని అడగలేదు

ఆర్విల్ మీకిన్స్‌కి అబద్ధం ఆడటం చేతకాదు. అది గొప్ప గుణమని మా చర్చిలో అందరూ మెచ్చుకుంటారు. నన్నడిగితే, ఊపిరితిత్తుల పొరకి పట్టిన క్యాన్సర్ అతని మొదటి జబ్బు, ఇది రెండోది. మొదటిది అతన్ని తీసుకుపోయింది. రెండోది అతని భార్యని వీధిన పడేసింది.

పోర్ట్స్‌మత్‌లో మా పేటలో మగవాళ్ళు రెండే రకాలు. నౌకాదళంలో చేసినవాళ్ళు, లేదంటే ఓడల మరమ్మతు యార్డులో చేసినవాళ్ళు. నేను యుద్ధనౌకలో బాయిలర్ గది మనిషిని. ఆర్విల్ ఇంకో ఓడలో వంటవాడు. మేమిద్దరం కలిసింది కొలువులు వదిలాక, చర్చిలో. ఇప్పుడు నేను మాజీ సైనికుల హాల్లో కూర్చుని తోటివాళ్ళకి పెన్షన్ల పని చూసిపెడుతుంటాను. జీతం లేదు, తిట్లకి మాత్రం లోటు లేదు.

నౌకాదళం వదిలాక ఆర్విల్ బడి వంటశాలలో చేరి, రిటైరయ్యేదాకా పిల్లలకి వండిపెట్టాడు. అతని చేతి రొట్టె తిన్నవాడు ఇంకోచోట రొట్టె ముట్టుకోడు. కానీ బాగుందని పొగిడితే, ఇవాళ పిండి ఎక్కువ పిసికాను, గట్టిపడింది, అని మొహం మీదే అనేసేవాడు. ఒకసారి ఒకాయన పోతే, సమాధి చేసే ముందు అందరూ లేచి తలా ఒక మంచిమాట చెబుతున్నారు. మనవాడి వంతు వచ్చింది. “నా నిచ్చెన పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. అది తప్పిస్తే మంచివాడే,” అని కూర్చున్నాడు. అతని భార్య నడీన్ చర్చి గుమ్మంలో తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే మనిషి. ఆ రోజు ఆ తొడుగుల్లోనే మొహం దాచుకుంది.

జబ్బు బయటపడేసరికి అతనికి అరవై ఏడు. ముందు వెన్నులో నొప్పి అన్నాడు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. పక్కటెముకల మధ్య నుంచి నీళ్ళు తీశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. ఈ జబ్బుకి ఆస్‌బెస్టాస్ పొడి పీల్చడం తప్ప ఇంకో కారణం దాదాపు ఉండదని చెప్పి, ఎక్కడ పని చేశావని డాక్టరు అడిగాడట. వంటగదిలో, అన్నాడు మనవాడు.

చావంటే అతనికి భయం లేదు. బెంగంతా నడీన్ గురించే. బడి పెన్షన్ అతనితోనే ఆగిపోతుంది. పిల్లలు లేరు. ఆమె మోకాళ్ళు అరిగిపోయి, పనికి వెళ్ళే ఓపిక లేదు. ఈ జబ్బు నౌకాదళం కొలువులోనే అంటుకుందని తేలితే, అతను పోయాక కూడా ఆమె బతికినన్నాళ్ళూ నెలనెలా ఏదో ఒకటి వస్తుంది. తేలకపోతే ఆ ఇల్లు నిలవదు. నేను దరఖాస్తు పెట్టించాను. వంటవాడికి ఆస్‌బెస్టాస్ ఎక్కడ తగిలిందో రుజువు చూపించమని తిరగ్గొట్టారు. వాళ్ళని అని లాభం లేదు. వాళ్ళ రికార్డుల్లో అతను వంటవాడే.

రికార్డులకి ఎక్కని సంగతి ఒకటుంది. ఓడ మరమ్మతుకని యార్డులో నిలబడితే వంటశాల మూసేస్తారు. పనిలేని వంటవాళ్ళని బాయిలర్ గదికి అరువిస్తారు. అక్కడ ఆవిరి గొట్టాల వేడి బయటికి పోకుండా చుట్టూ ఒక పూత మెత్తుతాం. బూడిదరంగు పొడి బస్తాల్లో వస్తుంది. బకెట్లో పోసి, నీళ్ళు కలిపి, చేత్తో పిసకాలి. దాన్ని బురద అంటాం. మా ఓడలోనూ బురదే, అతని ఓడలోనూ బురదే. ఆ బురదలో ఉండేది ముప్పాతికవంతు ఆస్‌బెస్టాసే. పిండి పిసికే చెయ్యి నీది కదా అని అక్కడివాళ్ళు కలిపే పని ఆర్విల్‌కి అంటగట్టారు. రెండు మరమ్మతుల పాటు గది మొత్తానికీ బురద కలిపింది అతనే. దాని గురించి ఎన్ని గొప్పలు పోయేవాడో. ఉండ కట్టకుండా కలపడం అందరివల్లా కాదట. ఎండిన ముద్దలు ఒకరిమీద ఒకరు విసురుకుని నవ్వుకునేవాళ్ళట. మేమూ విసురుకున్నాం. మా గదిలో నాతోపాటు నవ్వినవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు.

పెన్షన్ దారి మూసుకుపోయాక కేసు మాట ఎత్తాను. ఆర్విల్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నేవీ మీద కేసు వెయ్యనన్నాడు. మా వాళ్ళందరికీ ఇదో పిచ్చి. నేవీ మీద కాదురా, ఆ సరుకు తయారుచేసి అమ్మిన కంపెనీల మీద, నేవీ మీద వేస్తానన్నా నిన్ను కోర్టు గుమ్మం తొక్కనివ్వరు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది. నడీన్ పక్క గదిలోంచి కుంటుతూ రావడం చూసి చివరికి సరేనన్నాడు.

లాయరు మిస్ కోవింగ్టన్ చిన్న వయసుదే గానీ మాట తూచినట్టుంటుంది. ఆర్విల్‌తో ఆ గదిలో పని చేసినవాళ్ళ కోసం ఆమె నాలుగు రాష్ట్రాలు వెతికించింది. ఒక్కడు మిగల్లేదు. నేను చెబుతానంటే, మీరు ఆ ఓడలో లేరు కదా అంది. ఇక మిగిలింది ఆర్విల్ నోటిమాట ఒక్కటే. అతను ప్రాణాలతో ఉండగానే, కంపెనీల లాయర్ల ఎదుట, ఒట్టు వేసి చెప్పింది వీడియో తీయాలి. ఆ టేపు కోర్టుకీ పనికొస్తుంది, పెన్షన్ అప్పీలుకీ పనికొస్తుంది. బురద సంగతి ఆమెకి అతను చాలాసార్లు చెప్పాడు. బురదంటే ఏమిటో ఆమెకి తెలుసు, నాకు తెలుసు, అతనికీ తెలుసనుకున్నాం. నిప్పు కాలుతుందని ఎవరికైనా విడమరిచి చెబుతామా? “ఏమీ కలపొద్దు, ఏమీ దాచొద్దు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు,” అంది. ఆ మాట ఆర్విల్‌కి చెప్పడం, చేపకి ఈత నేర్పడం ఒకటే.

ఒక శుక్రవారం ఆర్విల్ ఇంటి ముందుగదిలో కెమెరా పెట్టారు. సోఫా మీద, వంటింటి కుర్చీల మీద, ఎక్కడ చూసినా లాయర్లే. నడీన్ కేకు కోసి పెడితే ఎవరూ ముట్టలేదు. ఆర్విల్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, ఆదివారం వేసుకునే కోటు వేసుకుని కూర్చున్నాడు. నన్ను వంటింటి గుమ్మంలో నిలబడనిచ్చారు, నోరు మెదిపితే బయటికి పంపుతామని ముందే చెప్పి. ముందు అడిగే వంతు కంపెనీల వాళ్ళది. అడిగినాయన తల నెరిసిన పెద్దమనిషి. ఎంత మెత్తటి గొంతో. మంచినీళ్ళు కావాలా అని అడిగాడు, దిండు సరిచేసుకోమన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

“మీకిన్స్ గారూ, ఓడలో ఉన్నన్నాళ్ళూ మీరు ఎప్పుడైనా ఆస్‌బెస్టాస్ చేత్తో ముట్టుకున్నారా?”

“లేదండి.”

“దాంతో ఇంకెవరైనా పని చేస్తుంటే దగ్గర్లో ఉన్నారా?”

“లేదండి. ఓడలో అలాంటిది నేను చూడనే లేదు.”

“పోనీ, జీవితంలో ఇంకెక్కడైనా చూశారా?”

“చూశానండి. మా బడి నేలమాళిగలో ఉండేది. తలకాయల దాకా తెల్ల బట్టలు కప్పుకున్న మనుషులు వచ్చి ఊడదీశారు. మమ్మల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు.”

పెద్దమనిషి థాంక్యూ సార్ అన్నాడు. మిస్ కోవింగ్టన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తన వంతు ఇప్పుడే కావాలని ఆమె లేచింది గానీ, అప్పటికే ఆర్విల్‌కి ఊపిరి అందడం లేదు, పెదాలు నీలంగా తిరిగాయి. ఇవాళ్టికి చాలు, మిగతాది సోమవారం అన్నారు. కెమెరా సర్దుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళ కార్లు మలుపు తిరిగేదాకా ఆగి, నేను వెళ్ళి అతని ఎదురుగా కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. చచ్చేవాడి మీద అరవకూడదని తెలుసు, అయినా అరిచాను. ఏం చెప్పావురా, బురద సంగతి ఏమైందిరా అన్నాను.

“అతను బురద అని అడగలేదు. అడిగితే చెప్పనా?”

“ఒరేయ్, బురదంటే అదేరా. నువ్వు కలిపింది ఆస్‌బెస్టాసేరా.”

ఆర్విల్ చాలాసేపు నా మొహం చూశాడు, నేను వేళాకోళం ఆడుతున్నానేమో అని. తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

“అది నేను మోచేతుల దాకా పిసికాను, థర్మన్. ఎవరూ తెల్ల బట్టలు కప్పుకోలేదు.” తల ఎత్తి అడిగాడు. “మరి అతనికి తెలుసా, బురదంటే అదేనని?”

తెలుసన్నాను. ముప్పై ఏళ్ళుగా అతని బతుకుతెరువు ఈ కేసులే అన్నాను. ఆర్విల్‌కి కోపం రావడం నేను ఆ ఒక్కసారే చూశాను. సోమవారం రానీ, ఆయన కళ్ళలోకి చూసి బస్తా విప్పడం దగ్గర్నుంచి చెబుతానన్నాడు. ఆ రాత్రి నడీన్ పెట్టిన బీన్స్ రెండు గరిటెలు తిన్నాడట, నెల రోజుల్లో అంత తినలేదట.

శనివారం జ్వరం వచ్చింది. ఆదివారం చర్చిలో అతని పేరు చెప్పి ప్రార్థన చేస్తుండగా, ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం దింపారు. సోమవారం మిస్ కోవింగ్టన్ కెమెరా మనిషిని, ఆ పెద్దమనిషిని వెంటబెట్టుకుని అక్కడికే వచ్చింది. ఆర్విల్‌కి తెలివి ఉంది, మాట లేదు. ఆమె వంగి, ఓడలో ఏం కలిపేవారని అడిగింది. అతను కుడిచేత్తో దుప్పటి గుప్పిట పట్టి పిసకడం మొదలుపెట్టాడు. అరచేత్తో నొక్కి, మళ్ళీ దగ్గరికి లాక్కుని, మళ్ళీ నొక్కాడు. ఆ పెద్దమనిషి కిటికీ వైపు తిరిగాడు. మాట లేనిది సాక్ష్యం కాదన్నాడు, అదే మెత్తటి గొంతుతో. న్యాయంగా చూస్తే అతనన్నది నిజమే, ఆ నిజం మొహాన ఉమ్మెయ్యాలనిపించింది నాకు. గురువారం ఆర్విల్ పోయాడు.

ఆ తర్వాతది చెప్పడానికి ఎక్కువ లేదు. ఓడలో ఆస్‌బెస్టాస్ లేదని చనిపోయినాయనే ఒట్టేసి చెప్పాడు, తగిలితే బడిలో తగిలుంటుంది అన్నారు కంపెనీలవాళ్ళు. కేసు నిలవలేదు. పెన్షన్ అప్పీలుకీ అదే జవాబు వచ్చింది. ఏ ఓడలోనైనా బురద బురదేనని నేను రాసిచ్చింది పక్కన పెట్టారు, నేను ఆ ఓడ ఎక్కలేదు కాబట్టి. నలభై ఏళ్ళుగా ఆయన నోట వింటున్నానని నడీన్ చెప్పబోతే, విన్నమాట చెల్లదన్నారు. ఊళ్ళో ఉన్న దిక్కుమాలిన నిజమంతా ఆ ఒక్క మనిషి నోట్లోనే ఉండిపోయింది, దాన్ని తీసుకుని అతను వెళ్ళిపోయాడు.

ఇల్లు ఖాళీ చేసే వారం నేను సామాను సర్దడానికి వెళ్ళాను. నడీన్ సఫోక్‌లో చెల్లెలి దగ్గరికి వెళుతోంది, ఆ ఇంట్లో వెనక గదిలో ఉండటానికి. వంటింట్లో కూర్చుని కప్పుల్ని పాత పేపర్లలో చుడుతోంది. నేను పెట్టెలు కడుతున్నాను.  ఒక కప్పు చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

“బ్రదర్ థర్మన్, నాకొకటి చెప్పు. ఆ ఓడ ఇక్కడ యార్డులో ఉన్నప్పుడు మాకు కొత్తగా పెళ్ళయింది. రోజూ సాయంత్రం ఇంటికొచ్చేవాడు. ప్యాంటు నిండా, చొక్కా నిండా బూడిదరంగు పొడి. ఉతికేముందు వెనక వసారాలో నిలబడి నేనే దులిపేదాన్ని. మీ బురద అదేనా?”

కాదని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. ఆర్విల్ ఇంట్లో నిలబడి ఆ మాట అనలేకపోయాను. అదేనన్నాను. వెంటనే గాభరాగా ఏదేదో చెప్పాను. డాక్టరుకి చూపించుకో, ఛాతీ ఫోటో తీయించుకో, ఖర్మ కాలి ఏదైనా కనిపిస్తే నీ పేరు మీదే కేసు వెయ్యొచ్చు, మిస్ కోవింగ్టన్‌తో నేను మాట్లాడతాను అన్నాను.

నడీన్ చేతిలో కప్పు చుట్టడం పూర్తిచేసి పెట్టెలో పెట్టింది.

“ఏమని వెయ్యను? ఆ ఓడలో అది లేదని ఆయనే ఒట్టేసి చెప్పాడు కదా.”