మనిషిని బట్టి కొండ

ద్వారకా నగర్ బస్సు కాంప్లెక్స్ బయట పచ్చిమామిడికాయని చెక్కలుగా తరిగి ఉప్పూకారం జల్లుతుంటే, ఆ పులుపు వాసన నాకు ముక్కుకి కాదు, తిన్నగా దవడలకి తగులుతుంది. మొన్న అలాగే నోరూరించుకుంటూ నిలబడి ఉంటే ఎదురుగా ఒక బస్సు ఆగింది. దాని నడుం చుట్టూ బ్యానర్: "మీకోసమే తీర్చిదిద్దిన బాధ్యతాయుత పర్వతయాత్ర! అనుభవజ్ఞులైన గైడ్లు!" ప్రయాణం వచ్చే ఆదివారం. పక్కన ఒక కొండ ఫొటో. ఆ కొండ నాకు తెలుసు. దానిమీద గూడెం తెలుసు. ఆ గూడెం పేరు మాత్రం ఇక్కడ రాయను, రాస్తే అదీ రేపు ఏదో ఒక బ్యానర్ ఎక్కుతుంది. అక్కడ మామిడి కొత్త పండుగ ఇంకా జరగలేదనీ, అది జరిగేదాకా ఒక్క కాయ కూడా ఎవరూ కోయరనీ, ఆ రోజుల్లో బయటివాళ్లు పైకి రావడం వాళ్లకి ఇష్టం ఉండదనీ కూడా తెలుసు. బస్సు నెత్తిమీదేమో పెళ్లి ఊరేగింపుకి సరిపడా స్పీకర్లు. బాధ్యతట! నోట్లో మామిడి చెక్క ఒక్కసారిగా చేదైపోయింది.

అబద్ధాలాడితే నేనాడాలి. కోతలు కోయడంలో నన్ను మించినవాడు లేడని జాలరిపేట నుంచి సీతమ్మధార దాకా ఎవరినడిగినా చెబుతారు. నన్ను చూసి జడిసి చెట్టెక్కిన చిరుతపులి, దాన్ని బుజ్జగించి దింపడానికి నేను పడ్డ పాట్లు, అదంతా నా సొంత సరుకే. కానీ నా కోతలవల్ల ఇంతవరకూ ఎవరి కాలూ బెణకలేదు, ఎవరి ఊరూ పాడవలేదు. ఏ అబద్ధం నవ్వుకి, ఏ అబద్ధం నష్టానికి అన్న తేడా ఆ బ్యానర్ రాయించినవాడికి తెలియదు. నాకు తెలుసంటే అది అప్పలనర్సమ్మ మేడం పెట్టిన భిక్ష.

ఆవిడ గవర్నమెంటు బళ్లో డ్రిల్ టీచరుగా రిటైరయ్యాక, కాంప్లెక్స్ వెనక సందులో, కోచింగ్ సెంటర్ల మధ్య ఒక మేడ మీద గది తీసుకుని, జనాన్ని కొండలకి తీసుకెళ్లే పని మొదలుపెట్టారు. నేనప్పుడు అరకు రోడ్డులో అద్దె జీపు తోలేవాణ్ణి. ఒక ట్రిప్పులో ఆవిడ ముందు సీట్లో కూర్చున్నారు, వెనక ఆవిడ మనుషులు. నేను ఊరుకుంటానా? "ఓపాలి ఓ జలగ నా కాలు పట్టుకుందండి. గుటకేసింది. నా ఒంట్లో కారం ఎక్కువ గదా, వదిలేసి మంచినీళ్లడిగింది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వారు. అంతలో వెనక నుంచి ఒకాయన, "పైన నీళ్లు దొరుకుతాయా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "దొరకవు. ఇక్కడే నింపుకోండి" అన్నారు. దిగాక నన్ను పక్కకి పిలిచి, "ఒరే అప్పారావూ, జలగ మీద ఎన్ని కోతలైనా కొయ్యి. దారి మీద, నీళ్ల మీద, వాన మీద కొయ్యకు. మనిషి ప్రాణం ఆటి మీద నడుస్తాది. నా దగ్గర పనిజేత్తావేటి?" అన్నారు. ఆ వారమే జీపు తాళాలు ఓనరుకి ఇచ్చేశాను.

ఆవిడ గదికి లిఫ్టు లేదు. కావాలనే అలాంటిది చూసుకున్నారని నాకు తరవాత అర్థమైంది. వచ్చినవాడు మెట్లెక్కి గుమ్మంలో నిలబడేసరికి ఎలా ఊపిరి తీస్తున్నాడో, ఏ మోకాలు పట్టుకున్నాడో చూసేసేవారు. ఆ తరవాతే, ఏ కొండ, ఎంత నడక, ఎక్కడ అన్నం అన్నది. పోర్టులో చేసి రిటైరైన ఒకాయన అరకు వైపు కొండల్లోకెల్లా పెద్దది కావాలని పట్టుబట్టాడు. "పెద్దది దేనికి బాబూ, ఫొటోకేటి?" అన్నారు మేడం. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. చివరికి ఆయన్ని కాఫీ తోటల మీదుగా సాగే మెత్తటి దారిలో తీసుకెళ్లాం. తిరిగొస్తూ ఆయన తనలో తాను పాడుకుంటున్నాడు. మేడం నా వైపు చూసి కనుబొమలెగరేశారు. ఏ దారైనా ముందు నడిచేది ఆ గూడెం మనిషే; అందరికన్నా వెనక నడిచేది ఆవిడ. మధ్యలో కోతలకి నేను.

ఇప్పుడు అసలు సంగతి. ఒక వేసవిలో సిటీలోని ఒక ఆఫీసు నుంచి ఒక మేనేజరు, ఆయన కింద పనిచేసేవాళ్లూ వచ్చారు. ఆ ఏడాది, ఆ బ్యానర్ మీది కొండకే, గూడెం పెద్ద సోమన్న తనే రమ్మన్నాడు, కొత్త పండుగ ఇంకా కాలేదు గనక చెట్ల జోలికి పోవద్దని మాత్రం చెప్పాడు. కొండ మొదట్లోనే మేడం అందరినీ నిలబెట్టి, "పండగయ్యేదాకా ఈళ్ల పిల్లలు కూడా కాయ ముట్టుకోరు. మీరు రాలింది కూడా తియ్యొద్దు" అని డ్రిల్ క్లాసులో చెప్పినట్టు చెప్పారు. అందరూ తలలూపారు. గూడెం పొలిమేరలో మేనేజరు గారు ఎగిరి కొమ్మ వంచి కాయ తెంపి, కొరికి, "ఒక్క కాయకేమవుతుంది మేడం, కొండ కరిగిపోతుందా?" అని నవ్వారు. ఆయన నవ్వారు గనక ఆయన కింది వాళ్లూ నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇవాళ్టికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరి పెరట్లోనైనా అలా తెంపుతావా నువ్వు? మీ బాసు ఇంట్లో తెంపుతావా?

చప్పుడికి సోమన్న ఎదురొచ్చాడు. కిందపడ్డ ఆకులు చూశాడు. ఆ గూడెంలో అన్నం వండిపెట్టే ఆడవాళ్లకీ, దారి చూపే కుర్రాళ్లకీ మా రాకపోకలే ఆధారం. మాకూ ఆ దారే ఆధారం. అదంతా ఆ ఒక్క కొరుకుతో పోయేలా ఉంది. నేను ఆపద్ధర్మంగా అందుకున్నాను: "సోమన్నా, కోతొచ్చి తెంపేసి పోయింది, ఇంతలావు కోతి, నా మీద గూడా..."

"అప్పారావూ, మూసుకో" అన్నారు మేడం. తరవాత సోమన్న వైపు తిరిగి, "మావోడే కోసాడు సోమన్నా" అన్నారు.

"నువ్వు కొయ్యలేదు గదమ్మా."

"తెచ్చింది నాను గదా."

 గూడెంలో అన్నం ఉడుకుతున్న వాసన వస్తుండగానే మేడం అందరినీ వెనక్కి తిప్పారు. మేనేజరు ఎగిరిపడ్డాడు. "నా మనుషుల ముందు నన్ను అవమానిస్తారా? మా ఆఫీసు నుంచి ఇంక ఒక్కడు రాడు" అన్నాడు. "రానీకండి బాబూ, మీకు సరిపడే కొండ నా దగ్గర లేదు" అన్నారు ఆవిడ. కొండ దిగేదాకా ఆవిడ వెనకే నడిచారు, ఎవరైనా జారితే పట్టుకోవడానికి. వాణ్ణి కూడా.

అతను అన్నంత పనీ చేశాడు. ఆవిడకి తలపొగరని, వచ్చినవాళ్లకి అన్నం పెట్టకుండా తరిమిందని ఊరంతా చెప్పుకుతిరిగాడు. మెట్లెక్కే వాళ్లు తగ్గిపోయారు. "అదేటి మేడం, ఆడికి మనం గెట్టిగా జవాబివ్వొద్దా?" అని నేను గంతులేస్తే, "ఇచ్చాం గదరా, కిందికి దింపేసి" అనేవారు. పండుగ అయ్యాక సోమన్న అటుగా వచ్చే బస్సు కండక్టరుతో కబురు పంపాడు: అమ్మని రమ్మను, కొత్త కాయ తిందురుగాని. దారి మూసుకుపోలేదు. నా అబద్ధపు కోతి ఆ దారిని నిలబెట్టేది కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడ పోయారు. సోమన్నా పోయాడు. ఇప్పుడు దారి నడిపేది అతని కూతురు లచ్చిమి. నేనేదో నా చేతనైనంతలో ఇద్దరినో ముగ్గురినో తీసుకెళ్తుంటాను.

బ్యానర్ చూసిన సాయంత్రమే ఆ కంపెనీ కుర్రాడు ఫోన్ చేశాడు. "అంకుల్, మీ స్టోరీలు సూపరట గదా. ఆదివారం మా బస్సులో సీనియర్ గైడుగా వచ్చేయండి. దారి తెలియకపోయినా పర్లేదు, మాకు మ్యాప్ ఉంది."

"పైన కొత్త పండగ కాలేదు, తెలుసా?"

"అంటే ఏంటి అంకుల్? ఈవెంటా?"

ఫోన్ పెట్టేసి లచ్చిమికి చేశాను. ఆదివారం ఇలా ఒక బస్సు వస్తోందమ్మా అని చెప్పాను. "మీవోళ్లేటి బాబాయ్?" అంది.

కాదనొచ్చు. వాళ్లెవరో నాకు తెలియదు, అది అబద్ధం కూడా కాదు. నాలుక మీద ఇంకా పది కథలు తయారుగా ఉన్నాయి.

"మా ఊరోళ్లేనమ్మా" అన్నాను.

"అయితే నువ్వే వచ్చి ఆపు."

ఈ మాటలు అరకు బస్సులో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ శనివారం, వాళ్లకన్నా ముందే కొండ మొదట్లో ఉండాలి. పక్క సీటాయన నా సంచీ, చేతికర్ర చూసి పలకరించాడు.

"ఏటి బావా, సరదాగా కొండకేటి?"

"సరదాకి కాదు బావా," అన్నాను, "గొడవకెల్తన్నాను."