ఇద్దరే ఆడిన దాగుడుమూతలు

మా అమ్మాయి ఒంటికాలి గెంతు అప్పట్లో యాభై ఎనిమిది సెంటీమీటర్లు. తాండూరులో మేము అద్దెకు దిగిన ఇంటి వాకిట్లో పరిచిన బండలు ఒక్కొక్కటి రెండడుగుల చదరం, అంటే దాదాపు అరవై ఒకటి. బండల మధ్య అతుకులే గీతలుగా పనికొస్తాయి, తొక్కుడుబిళ్ళకు వేరే గళ్ళు గీయనక్కరలేదు అనుకున్నాను. కానీ గెంతుకు మూడు సెంటీమీటర్ల చొప్పున వెనకబడి, చివరి గడికి వచ్చేసరికి తన మడమ అతుకు మీద పడేది. గీత తొక్కితే అవుటు. మూడో రోజు సుద్దముక్కతో నలభై ఐదు సెంటీమీటర్ల గళ్ళు గీశాను. ఆ ఉదయం పదకొండు సార్లు ఆడింది. పదకొండు సార్లూ నాతోనే.

నేను భవనాలకు స్ట్రక్చరల్ డ్రాయింగులు గీసే ఇంజనీరును. పని ఇంటి నుంచే. రెండో తరగతి పూర్తయ్యాక అమ్మాయిని బడి మాన్పించి, చదువు ఇంట్లోనే చెప్పాలని నిశ్చయించుకున్నాం. వికారాబాద్‌లో ఉన్నంతకాలం అది లోటుగా అనిపించలేదు. మాలాగే ఇంట్లో చదువు చెప్పుకునే కుటుంబాలు అక్కడ మరో రెండు ఉండేవి. వారానికి రెండు రోజులు ఐదుగురు పిల్లలూ అనంతగిరి అడవి దారిలో పోటీలు పడి ఎక్కేవారు, దిగేవారు. పెద్దలం వెనక నడుస్తూ నీళ్ళ సీసాలు మోసేవాళ్ళం. తర్వాత ఒక కుటుంబం ఊరు మారింది, మరొకటి పిల్లల్ని తిరిగి బడిలో చేర్చింది. నర్సుగా పనిచేసే నా భార్యకు తాండూరు బదిలీ అయింది.

సామాను దించిన రోజే ఆమె అడిగింది: “సదువు నువ్వు చెప్తవ్, దానికి నాకు ఫికర్ లేదు. గని గీడ పిల్ల ఎవరితోని ఆడుకోవాలె?”

“నాతోని,” అన్నాను.

“ఒక్కనివి ఎంతమందివైతవ్?”

మంచం బిగించడంలో మునిగిపోయాను. ఆ తర్వాతి నెలలన్నీ ఆ ప్రశ్నకు జవాబు కూడగట్టే ప్రయత్నమే.

ప్రయత్నంలో లోపం లేదు. స్టేషన్ వైపు నడిచేటప్పుడు, ఫలానా కరెంటు స్తంభానికి ఎన్ని అడుగులో ఇద్దరం ముందుగా చెప్పి, లెక్కపెట్టుకుంటూ పోయేవాళ్ళం. ఎక్కువ తప్పినవారు వెనక్కి పరుగెత్తి రావాలి. తాడాట ఆడేవాళ్ళం. వాకిట్లో బకెట్ పెట్టి, ఒక్కో బండ వెనక్కి జరుగుతూ బంతి వేసేవాళ్ళం. కానీ మా ఆటవేళ ఉదయం పది. ఆ వేళకు వీధి పిల్లలు బడిలో ఉండేవారు. బడి నుంచి వస్తూనే ట్యూషన్‌కు వెళ్ళి ఏడింటికి గానీ ఇళ్ళు చేరేవారు కారు. వీధిలో మిగిలేది బండలు కోసే మిషన్ల మోత, ఎదురింటి అవ్వ.

“ఏం బిడ్డా, బడికి పోలేదా గియ్యాల? పానం మంచిగ లేదా?” అని అవ్వ మొదటి రోజు అడిగింది.

“మా ఇంట్లనే బడి అవ్వా.”

“ఇంట్ల బడైతే గంటెవరు కొడ్తరు?”

“ఎవ్వరు కొట్టరు.”

“మరి ఇడిశేదెప్పుడు?” అని అవ్వ నావైపు తిరిగి, “సారూ, నువ్వు సుత పిల్లతోని గట్ల ఎగురుతున్నవ్, మోకాళ్ళు జర పైలం,” అంది.

దాగుడుమూతలు అమ్మాయి కోరిక. ఆ ఆటకు ఇద్దరు చాలరని నాకు తెలుసు. దాక్కున్నది ఎవరో ముందే తెలిసిపోతుంది; దొరికినవారే తర్వాతి దొంగ కాబట్టి, వంతులు మారడం తప్ప మరేమీ జరగదు. అయినా ఒప్పుకున్నాను. ఒక మంగళవారం గోడకు ముఖం పెట్టి యాభై దాకా లెక్కపెట్టి తిరిగేసరికి ఫోన్ మోగింది. ఎక్కడో స్లాబు పోయడానికి సిద్ధమైనవాళ్ళు, కడ్డీల మధ్య దూరం గురించి అనుమానం వచ్చి ఆగారు. గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డ్రాయింగు సరిచేసి పంపి, మంచినీళ్ళకు లేచినప్పుడు గడప దగ్గర అమ్మాయి చెప్పులు కనిపించాయి. ఫోన్ మొదలై ముప్ఫై ఒక్క నిమిషం అయింది.

మెట్ల కింద, నీళ్ళ డ్రమ్ము వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. క్షమాపణ చెప్పవలసిన చోట “దొరికినవ్” అన్నాను.

“ఎంతసేపయింది డాడీ?”

“ముప్ఫై ఒక్క నిమిషం.”

తిమ్మిరెక్కిన కాలిని రుద్దుకుని వాకిట్లోకి కుంటుతూ వచ్చింది. విషయం విన్న అవ్వ, “గంతసేపు దాసుకున్నదా? మా మనుమలైతే ఐదు నిమిషాలకే తుమ్ముతరు,” అంది. అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు గెలుపుదే అనుకుని నేను ఊరుకున్నాను.

మూడు రోజులు ఊరుకున్నాను. నా వృత్తిలో తప్పు కొలత తెలిసి కూడా సరిదిద్దకపోవడం క్షమించరానిది. శుక్రవారం ఉదయం వాకిట్లో తన పక్కన కూర్చుని చెప్పాను: “ఆ రోజు నేను నిన్ను ఎతకలే బిడ్డా. ఫోన్ల ఉన్న. మర్శిపోయిన.”

“తెల్సు.”

“ఎట్ల తెల్సు?”

“కిటికీ తెరిశే ఉండె. కడ్డీలు, కడ్డీలు అని మస్తుసార్లు అన్నవ్.”

“మరి బయటికి ఎందుకు రాలే?”

తను నావైపు చూడలేదు. “వస్తే ఆట అయిపోతది గద.”

ఇప్పుడు ఆడదామా అని అడిగాను. తల ఊపింది. ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చి, గోడకు ముఖం ఆనించి, కళ్ళు మూసుకుని, ఈసారి వంద దాకా లెక్కపెట్టాను. పరుగెత్తిన చప్పుడు వినిపించలేదు. మెత్తగా నడిచి ఉంటుందనుకున్నాను. వంద అని తిరిగి చూస్తే, నా వెనక ఒక్క బండ దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“దాసుకోలేదేం?”

“నువ్వు ఆఖరుదాంక లెక్కవెడ్తవా లేదా అని చూస్తున్న,” అంది.