కాపీ వద్దు, సాగనంపు

కమలమ్మాళ్ ఇంట్లో చక్కెర డబ్బా మూడు నెలలుగా కోడలి బట్టల బీరువాలో ఉంది. తాళంచెవి కోడలు కృత్తిక దగ్గర. అలా పెట్టమన్నది కమలమ్మాళే.

మే నెలలో అన్నూరు క్లినిక్‌లో ఆమెకు రక్తపరీక్ష చేశారు. మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష అది. 6.1 వచ్చింది. 5.7 నుంచే జాగ్రత్త పడాలి, 6.5కు చేరితే షుగరు జబ్బేనని నర్సు ఆరోగ్యమేరి తమిళంలో వివరించింది. ప్రస్తుతానికి మాత్రలు అక్కర్లేదు, తీపి మాని రోజూ నడిస్తే వెనక్కి తేవచ్చని చెప్పింది.

కమలమ్మాళ్‌కు యాభై ఎనిమిదేళ్లు. ఆమెను భయపెట్టింది ఈ అంకెలు కాదు, వాడిపట్టిలో ఉన్న అక్క గోమతి. ఇన్నేళ్ల షుగరు గోమతి చూపును దాదాపు తినేసింది. పోయినసారి చూడబోతే, గొంతు వినేదాకా చెల్లెలిని గుర్తుపట్టలేదు.

తిండి మార్చడం కష్టం కాలేదు. రాత్రి ఇడ్లీలు పోయి రాగి సంగటి, ఆకుకూర వచ్చాయి. కాఫీలో చక్కెర మానేసింది. నడక దగ్గరే చిక్కు వచ్చింది.

"సుమ్మా నడిస్తే జనం ఏమంటారు? కొడుకు కూడూ సోరూ పెట్టలేదా, ఇల్లు ఇడిసి పోతా ఉండావా అని అడుగుతారు" అంది కోడలితో.

పనిలేని నడక కుదరదు కాబట్టి పనున్న నడక వెతుక్కుంది. అన్నూరు చుట్టుపక్కల, తమిళ నేలమీద ఉన్న ఈ తెలుగు ఇళ్లలో పెళ్లి పత్రిక ఫోన్‌లో పంపితే ఎవరూ రారు. పెద్ద ముత్తైదువ కుంకుమ గిన్నెతో ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి పిలవాలి. తమ వంశంలో పెద్ద కోడలు కాబట్టి ఎవరింట పెళ్లయినా కమలమ్మాళ్‌ను తోడు రమ్మంటారు. ఇదివరకు కారులో వెళ్లేది. ఇప్పుడు కొబ్బరి తోటల మధ్య దూరదూరంగా ఉన్న ఇళ్లకు నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. చీర నడుము దగ్గర వదులైంది. మోకాళ్లు తేలికపడ్డాయి.

ఆగస్టులో మళ్లీ పరీక్ష చేశారు. 6.3.

ఆరోగ్యమేరి కాగితం రెండుసార్లు చూసింది. కృత్తిక అత్త ముఖం చూసింది.

"అత్తా, నిజం చెప్పండి. నాకు తెలియకుండా ఏమన్నా తింటా ఉండారా?"

"నీ బీరువా తాళం పగలగొట్టినానా? ఇంట్లో ఒక్క పలుకు ముట్టుంటే అడుగు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. కృత్తిక వంటింట్లో డబ్బాలన్నీ తెరిచి చూసినా ఏమీ దొరకలేదు. తిండి తగ్గింది, నడక పెరిగింది, అయినా అంకె పైకే పోయింది. ఆ వింతేమిటో తేల్చుకోవాలని కృత్తిక మరుసటి శుక్రవారం పిలుపుకు తానూ వెంట బయల్దేరింది.

మొదటి ఇల్లు వదిన వరస భాగ్యానిది. కమలమ్మాళ్ బొట్టు పెట్టి పత్రిక ఇచ్చేలోపే కాఫీ వచ్చింది, పక్కన మైసూరుపాకు. కృత్తిక కుర్చీ అంచున కూర్చుని చూస్తోంది.

"ఏమే కమలం, దొంగను తోడుకోనొచ్చిన పోలీసు మాదిరి ఉండాదే నీ కోడలు!" అంది భాగ్యం.

కమలమ్మాళ్ నవ్వి టంబ్లరు ఖాళీ చేసింది. రెండో ఇంట్లో కాఫీ, మూడో ఇంట్లో కాఫీతో కేసరి, నాలుగో ఇంట్లో బెల్లం పానకం. ప్రతి చోటా వద్దంది, ప్రతి చోటా తాగింది. పిలుపుకు వచ్చిన ముత్తైదువ నోరు తీపి చేయకుండా పంపితే పెళ్లికి మంచిది కాదని ఆ ఇళ్లవాళ్ల నమ్మకం. ఆమె నమ్మకమూ అదే.

దారిలో కృత్తిక ఆగిపోయింది. "అత్తా, ఇంట్లో తాళం వేసి ఊరంతా తాగుతా ఉండారు."

"అది కాపీ కాదమ్మా, మర్యాద."

"మర్యాద అయితే మాత్రం? ఒంట్లోకి పోయేది సక్కెరే కదా?"

కమలమ్మాళ్ కుంకుమ గిన్నె చేయి మార్చుకుని నడక సాగించింది. చివరికి, "పిలుపు మానితే నడక పోతాది. పిలుపుకు పోతే కండ్లు పోతాయి" అంది.

ఆ రోజు ఆఖరి ఇంటి ఇల్లాలు వాళ్లను గేటు దాకా సాగనంపి, చేయి ఊపి వెనక్కి తిరిగింది. కమలమ్మాళ్ ఆ గేటు వైపు కాసేపు చూస్తూ నిలబడింది.

తరువాతి వారం ఇంకో పెళ్లి పత్రికతో భాగ్యం ఇంటికి వెళ్లి, కాఫీ రాకముందే లేచింది.

"కాపీ వద్దు వదినా. మర్యాద చేయాలంటే నన్ను సాగనంపు. గేటు దాకా కాదు, ఇంకో పిలుపుండే పెరుమాళ్‌సామి ఇంటి దాకా."

"అంత దూరమా? నాకు మోకాలు నొప్పే!"

"కాపీ కాసి నా నెత్తిన పోసేదానికి లేని నొప్పి, నడిచేదానికి వచ్చిందా? మా అక్కను చూసినావు కదా. నా కండ్లు నాకు కావాల."

భాగ్యం సణుగుతూనే చెప్పులు వేసుకుంది. పెరుమాళ్‌సామి భార్య మాత్రం ఒప్పుకోలేదు. తన ఇంటి కాఫీకి ఏం తక్కువైందని ముఖం ముడుచుకుంది. అక్కడ ఉప్పు మజ్జిగతో రాజీ కుదిరాకే ఆమె కదిలింది. నాలుగో ఇల్లు దాటేసరికి కుంకుమ గిన్నె వెనక నలుగురు ఆడవాళ్లు, వాళ్ల వెనక గొణుగుడు. ఆ తర్వాత ప్రతి పిలుపూ అలాగే సాగింది.

డిసెంబరు మొదట్లో పరీక్ష. 5.9. ఇంకా 5.7 గీత లోపలికి రాలేదనీ, నడక ఆపవద్దనీ ఆరోగ్యమేరి చెప్పింది.

చిక్కు మళ్లీ వచ్చింది. మార్గళి, అంటే ధనుర్మాసం, మొదలైంది. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, పిలుపులూ ఉండవు.

నెల మొదటి రోజు పొద్దున భాగ్యం వాకిట్లో ముగ్గు వేస్తోంది. గేటు దగ్గర కమలమ్మాళ్ కనిపించింది. చేతిలో కుంకుమ గిన్నె లేదు.

"మార్గళిలో ఎవురి కల్యాణమే?" అంది భాగ్యం.

"ఎవురిదీ లేదు. చెప్పులేసుకోని దా."