పూడ్చని దొరువు

మా అత్తగారి మల్లెతోట ఎండకు పోయిందని ఊళ్ళో అందరూ అంటారు. ఇన్నేళ్ళూ నేనూ అదే మాట అంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట విని బాధపడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చింది యాభైల చివర్లో. మా పుట్టిల్లు కొడవలూరు పక్కన, వరి పండే ఊరు. మడిలో కాలు పెడితే పిక్కల దాకా దిగబడేది. అత్తగారిల్లు వాకాడు అవతల, సముద్రపు హోరు వినపడేంత దూరంలో. ఇక్కడ ఎటు చూసినా ఇసుకే. బియ్యంలో కూడా ఇసుకే వస్తుందేమోనని మొదట్లో రెండుసార్లు ఎక్కువ కడిగేదాన్ని. ఈ నేలలో ఏం పండుతుందిలే అని నాలో నేను మూతి విరుచుకున్నాను గానీ, మా అత్త ఆ ఇసుకలోనే వంగ, మిరప, పొట్ల, తోటకూర పండించేది. అన్నిటికంటే మిన్నగా మల్లె పూయించేది.

ఆ మల్లెకుదుళ్ళు మా మామ చనిపోయిన ఏడు ఆమె తన చేత్తో నాటినవి. వాటి మీదే ఒక్కగానొక్క కొడుకును పెంచి పెద్దచేసింది. మా ఆయనకు చెల్లెలుంటే ఆమెను కూడా ఆ మొక్కలంత ముద్దు చేసి ఉండదు. పొద్దున లేస్తూనే కుదురు కుదురుకూ వెళ్ళి ఆకు తిప్పి చూసేది. ఆమె నోటికి ఊరంతా జడిసేది. తూకంలో పూలు ఒత్తి చూసే మారుబేరగాళ్ళను ఆమె తిట్టే తిట్లు వినడానికి పక్కింటివాళ్ళు పని మానుకుని నిలబడేవాళ్ళు.

ఇక్కడి తోటలకు నీళ్ళు దొరువు నుంచి. దొరువంటే ఇసుకలో ఏటవాలుగా తవ్విన వెడల్పాటి గుంట. బావిలాగా తోడేది ఉండదు. రెండు చేతుల్లో రెండు కడవలతో గుంటలోకి దిగి, ముంచుకుని, ఎక్కి వచ్చి, కుదుళ్ళ మీద పోసుకుంటూ పోవడమే. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. సముద్రం పక్కన ఇంత తీపి నీళ్ళేమిటని నేను ఆశ్చర్యపోతే మా అత్త నవ్వింది.

"వాననీళ్ళు పైన నిలబడుంటాయి అమ్మాయ్. అడుగున సముద్రం పడుకోనుంది. పైపైన ముంచుకోవాల గానీ దొరువును గోకగూడదు. గోకినామా, అది లేచి కూచుంటుంది."

నేను విన్నాను, మరిచిపోయాను. మా పుట్టింటి వైపు బావి ఎండితే ఇంకాస్త తవ్వుతారు. అంతకుమించి నాకు తెలియదు.

అరవైల్లో ఒక ఏడు కార్తీకంలో మాకు వానే పడలేదు. మా నెల్లూరు సీమకు ఆ వానలే ప్రాణం. వాయుగుండమని రెండుసార్లు మబ్బు కమ్మింది, రెండుసార్లూ ఉత్తరానికి పోయింది. సంక్రాంతి దాటిందో లేదో ఎండలు మొదలయ్యాయి. మామూలుగా మధ్యాహ్నం కాగానే సముద్రం మీది నుంచి చల్లగాలి తిరుగుతుంది. ఆ ఏడు అదీ లేదు. పడమటి నుంచి వడగాలి కొట్టేది. సముద్రం పక్కన వడగాలి ఏమిటని ముసలివాళ్ళు కూడా నోరు నొక్కుకున్నారు.

ఏం చేయాలో అన్నీ చేశాం. కుదుళ్ళ చుట్టూ సరుగుడాకు మందంగా పరిచాం. తాటాకులు గుచ్చి నీడ పెట్టాం. వెలుగు రాకముందే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి నీళ్ళు పోశాం. దొరువులో నీళ్ళు చీలమండకు దిగాయి. ఒక కడవ నింపుకుని ఊట ఊరేదాకా అక్కడే కూర్చునేవాళ్ళం. అప్పుడు మా అత్త ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చింది. ముందు పొట్లపాదులు, తర్వాత మిరప, తర్వాత వంగ. వంగమొక్కల మధ్య నడుస్తూ, "మిమ్మల్ని మళ్ళా వేసుకుంటాం, పోండి" అని వాటితో చెప్పింది. మల్లె ఒక్కటే మిగిలింది. పూలు పూయకపోయినా సరే, కుదుళ్ళు బతికితే చాలుననుకుంది. పొదుపుగా పోసుకుంటే వానదాకా లాక్కురావచ్చని ఆమె లెక్క.

అప్పుడొచ్చాడు మా నాయన, నన్ను చూసిపోదామని.

మా నాయన మంచి మనిషి. ఆయన మంచితనం కాస్త తొందర మంచితనం. ఎవరికైనా కష్టం ఉందని తెలిస్తే, అదేమిటో పూర్తిగా వినకముందే పంచె ఎగ్గట్టేవాడు. దొరువు గట్టున నిలబడి, అడుగున ఊటకోసం కాచుకున్న కూతురిని చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"ఇదేందమ్మా, పిల్లి తాగను కూడా చాలవే ఈ నీళ్ళు! నాలుగడుగులు దించితే పోలా? మనవాళ్ళను పిలకొస్తా. మూడునాళ్ళ పని."

ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని మళ్ళీ అదే మాట అన్నాడు. మా అత్త తలుపు చాటున ఉంది. వియ్యంకుడు వచ్చాడంటే ఆమె వేరే మనిషి. కొంగు భుజం నిండా కప్పుకుని, గొంతు తగ్గించి, ఏ మాటైనా నా ద్వారా చెప్పించేది. వియ్యంకుడి మాట కాదనడమంటే ఇంటికి వచ్చిన మనిషిని గడపలో నిలబెట్టి పంపించడమంత తప్పు ఆ రోజుల్లో. మా ఆయన తల్లి వంక చూశాడు. నేనూ చూశాను. ఆమె పెదవి కదిలి ఆగింది.

"అన్న చెప్పినాక ఇంకేముంది. అట్టనే కానీండి" అంది.

మొగమాటం గురించి మనవాళ్ళకు ఒక మోటు సామెత ఉంది. ఇక్కడ రాయను గానీ, ఎంత నిజమో! ఊరంతటినీ గడగడలాడించిన మనిషి ఆ ఒక్క "వద్దు" అనలేకపోయింది. నాకు మాత్రం అప్పుడు గర్వంగా ఉంది. మా నాయన వచ్చాడు, మా కష్టం తీరుస్తాడు అనుకున్నాను.

మనుషులు వచ్చారు, పారలు వచ్చాయి. మా నాయన తానూ గుంటలో దిగి తట్టలు అందించాడు. మూడోనాటికి నీళ్ళు మొలబంటి వచ్చాయి. ఊరివాళ్ళు చూడ్డానికి వచ్చారు. మా నాయన మీసం మీద ఇసుక అంటుకుని ఉంది, అలాగే నవ్వుతున్నాడు. మా అత్త ఆ పూట పాయసం వండి పెట్టింది. ఆయన తృప్తిగా తిని బస్సెక్కాడు.

వారం తిరగకముందే నీళ్ళ రుచి మారింది. మా అత్త రోజూ పొద్దున దోసిట్లో ముంచుకుని నాలుకకు తగిలించేది. ఒకరోజు ఉమ్మేసి, కడవలు బోర్లించి, గట్టు మీద కూర్చుండిపోయింది. నేను దిగి చూశాను. ఉప్పు. అప్పటికే మల్లెఆకులు అంచులు మాడి లోపలికి ముడుచుకుంటున్నాయి. అవి చూసి నాకు ఏడుపు ఆగలేదు. దూరపు దొరువుల నుంచి కావళ్ళతో నీళ్ళు మోయించి చూశాం. అందరి గుంటలూ అడుగంటి ఉన్నాయి, ఎవరు ఎంతకని ఇస్తారు? వేళ్ళకు ఉప్పు తగిలాక కుదురు ఆగదు. చైత్రం వెళ్ళేసరికి తోట నిలువునా ఎండిపోయింది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది. ఒకటే చెప్పింది.

"మీ నాయనకు చెప్పబాక. ఎండకు పోయిందని చెప్పు. కూతురి కోసరం గుంటలో దిగిన మనిషి, తట్టుకోలేడు."

తర్వాతి కార్తీకంలో వానలు దంచి కొట్టాయి. తోట ఇంకో మూల చిన్న దొరువు తీసుకుని కూరగాయలు మళ్ళీ వేశాం. మల్లె ఉన్న చోట సరుగుడు పెట్టాం. పాత దొరువును పూడ్చేద్దామని మా ఆయన అంటే మా అత్త ఒప్పుకోలేదు. "పూడిస్తే ఎందుకు పూడ్చినారని అన్న అడగడా? ఏం చెప్తావు?" అంది. అందుకని ఆ ఉప్పుగుంట అలాగే ఉండిపోయింది. మా నాయన వచ్చినప్పుడల్లా గట్టున నిలబడి, "చూడు, ఎంత ఎండకైనా ఎట్టా ఉన్నాయో నీళ్ళు!" అని మురిసేవాడు. మేం ముగ్గురం తలలూపేవాళ్ళం. ఆయన గడప తొక్కగానే మజ్జిగ ఇచ్చేవాళ్ళం, అటువైపు దాహానికి పోకుండా.

ఒక వేసవిలో ఆయన చెప్పకుండా వచ్చాడు. తోటవైపు నుంచి వచ్చాడు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చెప్పులు విప్పి దొరువులోకి దిగాడు. ముఖం కడుక్కున్నాడు. దోసిట్లో నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. అలాగే వంగి ఉండిపోయాడు. పైకి వచ్చి సరుగుడు చెట్ల వంక చాలాసేపు చూశాడు.

ఇంట్లోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తలుపు చాటు నుంచి మా అత్త, "అన్నకు మజ్జిగ ఇయ్యమ్మా" అంది. ఇచ్చాను. గ్లాసు మొత్తం తాగాడు. తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"ఆ ఏడు ఎండలు అట్టాంటివి గదమ్మా" అన్నాడు, తలుపు వంక చూసి.

"అవునన్నా. ఎండలే" అంది మా అత్త.

అంతే. ఒకరు ఒక్కసారి 'వద్దు' అని ఉంటే తోట నిలిచేది. ఇంకొకరు ఒక్కసారి 'తప్పయింది' అని ఉంటే మనసులన్నా తేలికపడేవి. ఇద్దరూ గొంతు చించుకుని పోట్లాడుకున్నా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మా నాయన ఆ తర్వాత మా ఊరికి రాలేదు. పండగైనా, పురుడైనా మా అమ్మనే పంపేవాడు. ఎందుకు రావని అడిగితే మోకాళ్ళ నొప్పి అనేవాడు. మా అత్త ప్రతి ఎండాకాలం అన్న వస్తాడేమోనని మజ్జిగ ఒక చెంబెడు తీసి పక్కన పెట్టేది.

మా నాయన పోయినప్పుడు పుట్టింటికి వెళ్ళి, కర్మలు ముగించుకుని తిరిగి వచ్చాను. బస్సు దిగి తోటవైపు నుంచి నడుస్తుంటే మా అత్త కనపడింది. తట్టతో ఇసుక మోసి పాత దొరువులో పోస్తోంది.